పదమూడేళ్ల పిల్లకి పందుల కాపరి నవల ఇవ్వండి

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. మా వాడికి పన్నెండు, మా అమ్మాయి ఎయిత్ కి వచ్చింది, సెలవుల్లో చదివించడానికి మంచి నవలలేమైనా చెప్పండి అని. కింద వచ్చే జవాబులు చూడకుండానే చెప్పేయొచ్చు, కలాం గారి ఆత్మకథ, గాంధీ గారి ఆత్మకథ, పంచతంత్రం, వివేకానందుడి సూక్తులు. అడిగింది నవలలండీ బాబూ, చెప్పినవాటిలో నవల ఒక్కటీ లేదు, అయినా అడిగినవాళ్లు థాంక్స్ చెప్పి దణ్ణం ఎమోజీ పెట్టేస్తారు. ఎందుకంటే మన దృష్టిలో పిల్లలకి పుస్తకం ఇవ్వడమంటే ఆముదం పట్టించడం లాంటిది, ముక్కు మూసి గొంతులో పోస్తే ఎప్పటికో మంచి చేస్తుందని.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న మన పిల్లాడు వింగ్స్ ఆఫ్ ఫైర్ చదువుతున్నాను అంటే ఇక్కడ తాతయ్య మురిసిపోతాడు, మనవడు అప్పుడే కలాం గారిని చదివేస్తున్నాడని. వాడు చదివేది అదే పేరుతో 2012లో మొదలైన డ్రాగన్ల సిరీస్. ఒకదాని తర్వాత ఒకటి ఆపకుండా చదివేస్తున్నాడు, మనం మెచ్చుకునే పుస్తకం మాత్రం షెల్ఫ్ లో దుమ్ము పట్టి ఉంది. తప్పు పిల్లాడిది కాదు.

నా వాదన సూటిగానే చెప్తాను. పదకొండు దాటిన పిల్లలకి "బాలల నవల" అని అట్ట మీద రాసి ఉన్నది ఇవ్వడం ఆపండి. ఆ వయసులో తనని బాల అంటే ఒప్పుకునే పిల్ల ఎవరు? ఇంట్లో పెద్దవాళ్ల బీరువా తెరిచి అందులోంచి పల్చటి నవల ఒకటి తీసి చేతిలో పెట్టండి. తెలుగులో టీనేజ్ నవలలు లేవు లేవు అని ఎప్పట్నుంచో ఏడుస్తున్నాం కదా, ఉన్నాయి, పెద్దల షెల్ఫ్ లో ఉన్నాయి, వాటిని ఎవరూ టీనేజ్ నవలలు అనలేదు, అంతే.

ముందు కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" తీసుకోండి. చిత్తూరు జిల్లా మనిషి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్టు రోగులకి వైద్యం చేసిన డాక్టరు, 2015లో పోయారు. ఆయన నవల్లో ఉన్నదల్లా ఒక ముసలివాడు, పందుల కాపరి, ఈనబోతున్న ఒక ఆడపంది, ఒక అడవి, ఒక రాత్రి. పంది మంద నుంచి తప్పిపోయింది, ముసలాయన బల్లెం పట్టుకుని వెతుక్కుంటూ అడవిలోకి పోయాడు. ఇంతే కథ. ప్రేమ లేదు, రాజకీయం లేదు, మధ్యతరగతి మథనం అసలే లేదు, చీకట్లో ఏ శబ్దం ఎటు నుంచి వస్తోందో, ఏ జంతువు ఎప్పుడు మీద పడుతుందో అని పేజీ తిప్పడమే. చాలా చిన్న నవల, సెల్ ఫోన్ పక్కన పెట్టగలిగితే రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. ఇక పదమూడేళ్ల పిల్లకి ఇందులో ఏముంటుంది అంటారా, ఆ వయసులో పిల్లలు పగలూ రాత్రీ ఆలోచించేది ఏమిటి, నేను ఒక్కదాన్నే బయటికి పోతే తట్టుకోగలనా, పెద్దవాళ్లు ఎవరూ సాయం రాకపోతే నాకు ఏం చేతనవుతుంది, కష్టపడినంత మాత్రాన గెలుస్తానా, ఇవే కదా. ఆ ముసలాయన రాత్రంతా ఎదుర్కొన్నవి కూడా ఇవే. పైగా ఊళ్లో పందులు మేపేవాళ్ల వైపు మన ఇళ్లల్లో పిల్లల్ని కన్నెత్తి కూడా చూడనివ్వం, అలాంటి మనిషికి అడవి ఎంత తెలుసో, జంతువు మనసు ఎంత తెలుసో ఈ నవల చూపిస్తుంది, అదీ ఎక్కడా లెక్చర్ ఇవ్వకుండా. చదివిన పిల్లకి మనం కులం గురించి వేరే క్లాసు పీకక్కర్లేదు. నన్నడిగితే తెలుగులో వచ్చిన బెస్ట్ టీనేజ్ నవల ఇదే, ఎవరైనా కొట్లాటకొస్తే రండి.

రెండోది "బారిష్టర్ పార్వతీశం", మొదటి భాగం చాలు. మొగల్తూరు కుర్రాడు కాలవలో పడవెక్కి, రైలెక్కి, ఓడెక్కి ఇంగ్లండు పోతాడు, మధ్యలో మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని పెట్టుకుని తిరుగుతాడు. వందేళ్ల కిందటి పుస్తకం. కొత్త స్కూల్లో, హాస్టల్లో, ఎయిర్‌పోర్టులో మొదటిసారి అడుగు పెట్టి ఎస్కలేటర్ దగ్గర తడబడిన ప్రతి టీనేజర్ కథా ఇదే, నలుగురిలో నవ్వులపాలవుతానేమో అనే భయం ఈ వయసులో ఉన్నంత ఇంకెప్పుడూ ఉండదు. ఆ భయాన్ని మోస్తూనే ప్రపంచం చూసొచ్చిన హీరో దొరికితే వదుల్తారా.

పద్నాలుగు దాటితే "ఏడు తరాలు" ఇవ్వండి, అలెక్స్ హేలీ 1976లో రాసిన పుస్తకానికి సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లది. మొదట్లో కుంటా కింటే ఆఫ్రికాలో తన ఊళ్లో పెరిగే భాగం ఉంటుంది చూడండి, మేకలు కాయడం, మగపిల్లల్ని ఊరి బయటికి తీసుకెళ్లి నెలల తరబడి తర్ఫీదు ఇవ్వడం, తిరిగొచ్చాక అమ్మతో ఇదివరకట్లా ఉండలేకపోవడం, అదంతా ఏ టీనేజ్ నవలకీ తీసిపోదు. తర్వాత వాణ్ణి బానిసగా పట్టుకుపోయే గొలుసులొస్తాయి, ఓడొస్తుంది. పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి.

చందమామ సంగతి ఎత్తకపోతే కొందరికి కోపమొస్తుంది కాబట్టి ఒక్క మాట. అది 1947లో పుట్టింది, ఇప్పుడు లేదు, ఆ బాధ అందరం పడ్డదే. కానీ చందమామ గుర్తొస్తే మనకి నీతికథలే గుర్తొస్తాయి, పిల్లల్ని నెల నెలా గుమ్మం దగ్గర నిలబెట్టింది మాత్రం దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు. 1954లో తోకచుక్కతో మొదలై రాకాసి లోయ, శిథిలాలయం వరకూ, పక్కన చిత్రా గారి బొమ్మలు. శిథిలాలయం హీరోలు శిఖిముఖి, విక్రమకేసరి మాంత్రికుల మీదికి పోయారే తప్ప ఎవరికీ బుద్ధులు చెప్పలేదు. రాసినాయన పేరు కూడా వెయ్యలేదు ఆ రోజుల్లో. కథ మాత్రం సరిగ్గా కత్తి ఎత్తిన చోట ఆగిపోయేది, వచ్చే నెల దాకా గిలగిల్లాడాల్సిందే.

ఆ తర్వాత ఆ పని చేసింది అద్దె పుస్తకాల షాపులు. తెలుగు చదువరుల తరాన్ని తయారు చేసింది తెలుగు వాచకం కాదండీ, బస్టాండు పక్కన ఆ చిన్న కొట్లే, ఈ మాట ఏ సాహిత్య సభలోనూ ఒప్పుకోరు. రోజుకింతని అద్దె, ఎనిమిదో క్లాసు కుర్రాడొచ్చి షాడో కావాలంటే మధుబాబు నవల, అది అయిపోతే డిటెక్టివ్ యుగంధర్, అదీ అయిపోతే యండమూరి. తులసిదళం చదివి రాత్రి బాత్రూముకి ఒంటరిగా వెళ్లలేని పిల్లలు ఎనభైల్లో ఇంటికొకరు. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివి దొరికిపోయి తన్నులు తిన్నవాళ్లే ఇవాళ సీరియస్ సాహిత్యం చదువుతున్నారు, రాస్తున్నారు. షాపాయనకి సాహిత్య విలువలు తెలీవు, కానీ ఈ పిల్లాడు నిన్న ఏది తీసుకెళ్లాడు, ఎంత త్వరగా తెచ్చిచ్చాడు అన్నది తెలుసు, దాన్ని బట్టే తర్వాతది తీసిచ్చేవాడు. అంతకంటే గొప్ప సిఫార్సు పద్ధతి నాకు తెలీదు. పుస్తకం ఇచ్చేవాడు ముందు పిల్లాణ్ణి చూడాలి, మనం లిస్టు చూస్తున్నాం.

పెద్దల నవలల్లో పెద్దల విషయాలుంటాయి, హింస ఉంటుంది, పిల్లలు చెడిపోతారు, పైగా మావాళ్లకి ఇంగ్లీష్ మీడియం వల్ల తెలుగు చదవడమే రాదు, ఇవీ ఎదురుగా వచ్చే మాటలు. మొదటిదానికి జవాబు ఆ పిల్లల చేతిలో ఉన్న ఫోన్, దానిలో ఏమేం వస్తున్నాయో చూసి అప్పుడు కేశవరెడ్డి గురించి మాట్లాడండి. రెండోది నిజమైన కష్టమే, కాదనను. చిత్తూరు మాట, గోదావరి మాట పిల్లలకి ఒక్కసారిగా ఎక్కవు. అందుకే మొదటి ఇరవై పేజీలు మీరు పైకి చదవండి. కథ గట్టిదైతే ఆ తర్వాత వాళ్లే లాక్కుంటారు, అక్షరాలు కూడబలుక్కుని అయినా.

అసలు టీనేజ్ నవల అనే సెక్షన్ అమెరికాలో బలపడిందే ఎలాగో చూడండి. 1967లో వచ్చిన ది అవుట్‌సైడర్స్ దానికి మొదలని చెప్తారు, రాసిన ఎస్.ఇ. హింటన్ అప్పటికి టీనేజ్ అమ్మాయే, ఓక్లహోమాలో తను చదివిన హైస్కూల్ చుట్టూ ఉన్న కుర్రాళ్ల గ్యాంగుల గురించి రాసింది. ఏ కమిటీ కూర్చుని విలువల పట్టిక వేసి రాయించలేదు. మన దగ్గర పదిహేనేళ్ల అమ్మాయి తన ట్యూషన్ సెంటర్ గురించో రెసిడెన్షియల్ కాలేజీ గురించో ఉన్నదున్నట్టు రాస్తే అచ్చేసే ధైర్యం ఎవరికుంది? ఆ వయసు అమ్మాయి హీరోయిన్ గా ఉన్న తెలుగు నవలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇల్లేరమ్మ కతలు ఉంది, అద్భుతం, కానీ ఇల్లేరమ్మ ఇంకా చిన్నపిల్ల, పైగా అవి కతలు. కొత్తగా రావట్లేదని కాదు, 2024లో సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం పి. చంద్రశేఖర ఆజాద్ గారి మాయాలోకం అనే నవలకే వచ్చింది. పేపర్లో వార్త చదివిన మనలో ఎంతమంది ఆ పుస్తకం కొని ఇంటికి తెచ్చాం?

ఇక్కడే నాకు అసలు మంట. కొనాలా, ఎందుకు కొనాలి? మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు, ఆ సెస్సు 1960 చట్టంలోనే ఉంది. మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి ఇవ్వాలి. చాలాచోట్ల వసూలు చేస్తారు, ఇవ్వరు, బకాయిలని ఏటా పేపర్లో వస్తూనే ఉంటుంది. సంస్థ చైర్మన్ పదవి మాత్రం పార్టీ వాళ్లకి ఠంచనుగా భర్తీ అవుతుంది. లైబ్రరీలోకి పోతే పాపం గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల కుర్రాళ్లు పొద్దున్నే వచ్చి తమ సొంత పుస్తకాలు వేసుకుని కూర్చుంటారు, వాళ్లకి వేరే చోటు లేదు, వాళ్ల తప్పూ లేదు, కానీ పన్నెండేళ్ల పిల్ల ఆ హాల్లో ఎక్కడ కూర్చోవాలి? స్కూల్ లైబ్రరీ అంటారా, హెడ్‌మాస్టర్ రూములో బీరువా, దానికి తాళం. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్ చూసి టీచర్ని అడుగుతారు కాబట్టి టీచర్ అసలు బయటికే తియ్యడు.

ఇది 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టుకున్న జాతి. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరికీ పంపించారు. డబ్బుల్లేని రోజుల్లో పడవ నడిచింది, సెస్సు ఉన్న రోజుల్లో బీరువా తెరుచుకోవట్లేదు.

అందుకని ఈ సెలవుల్లో ఎవరైనా నవలలు చెప్పండి అంటే నేను పేర్లు చెప్పి ఊరుకోవట్లేదు. ఇంటి పన్ను రసీదు తియ్యండి, లైబ్రరీ సెస్ అనే లైను వెతకండి, పిల్లని వెంటబెట్టుకుని మీ ఊరి శాఖా గ్రంథాలయానికి పోయి కేశవరెడ్డి నవలలు ఉన్నాయా, ఇంటికి ఇస్తారా అని అడగండి. ఉంటే మీ అదృష్టం. లేవంటే వినతి కాగితం మీద పుస్తకాల పేర్లు రాసి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకుని రండి, వచ్చే నెల మళ్లీ పోండి.