జీరో టారిఫ్ అట, జీరో!

ఇప్పుడే గుమ్మం దగ్గర పార్సిల్ తీసుకున్నాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే ఈ పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మేముండేది బ్రిటన్‌లో. మా ఆవిడకని జర్మనీ వెబ్‌సైట్‌లో చలికోటు కొన్నాను. 160 పౌండ్లు. నాలుగో రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కస్టమ్స్ డ్యూటీ 19.20, వ్యాట్ 35.84, ఇవి మన తరఫున ముందుగా కట్టిన మహోపకారానికి కొరియర్ వాడి ఫీజు 12. మొత్తం 67 పౌండ్ల 4 పెన్నీలు. ఆ నాలుగు పెన్నీలు కూడా వదల్లేదు! పైగా వ్యాట్ వేసింది కోటు మీద ఒక్కదానికే కాదు, కోటు మీద వేసిన డ్యూటీ మీద కూడా. పన్నుకి పన్ను.

బ్రెగ్జిట్ అని బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2020 క్రిస్మస్ ముందు రోజు యూరప్‌తో డీల్ కుదిరిందని, సుంకం సున్నా అని ఎంత సంబరపడ్డారో గుర్తుందా? సున్నానే, ఎవరు కాదన్నారు. కాకపోతే సరుకు అక్కడే తయారై ఉండాలట. కోటు కాలర్ తిప్పి చూశాను. తెల్ల లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో 'మేడ్ ఇన్ చైనా'. చైనా నుంచి జర్మనీ చేరినప్పుడు ఒకసారి సుంకం కట్టేశారు, అక్కడి నుంచి మా ఇంటికొస్తే మళ్లీ కట్టాలి. మనం యూనియన్ లోపల ఉన్నన్నాళ్లూ మొదటి రేవులో కడితే అయిపోయేది. ఇప్పుడు దీనికి 'రూల్స్ ఆఫ్ ఆరిజిన్' అని ఓ పెద్దమనిషి పేరు.

నాదంటే ఒక్క కోటు. దీని మీదే బతికే చిన్న వ్యాపారుల సంగతి ఏంటి? 2021 జనవరిలో స్కాట్లాండ్ చేపల వ్యాపారులు లారీలు వేసుకుని లండన్‌లో ప్రభుత్వ ఆఫీసులుండే వైట్‌హాల్‌కి వచ్చి గోల పెట్టారు. పీతలకీ రొయ్యలకీ సుంకం లేదు, సర్టిఫికెట్లు మాత్రం ఉన్నాయి. ఆ కాగితాలు తేలేలోపు సరుకు కుళ్లిపోతే సున్నా సుంకాన్ని ఏం చేసుకుంటారు? అదే నెలలో హాలండ్ రేవులో, బ్రిటన్ నుంచి వెళ్లిన లారీ డ్రైవర్ల హ్యామ్ శాండ్‌విచ్‌లు లాగేసుకుంటూ అక్కడి ఆఫీసర్ 'వెల్‌కమ్ టు ద బ్రెగ్జిట్' అని నవ్వాడు. టీవీలో చూసి మేమూ నవ్వాం. మన వంతు వస్తుందని అప్పుడు తెలీదుగా.

వారానికి 350 మిలియన్ పౌండ్లు యూరప్‌కి పంపుతున్నామని బ్రెగ్జిట్ కోరినవాళ్లు ఎర్ర బస్సు మీద రాసుకుని ఊరూరా తిప్పారు. ఆ బస్సు ఇప్పుడు ఎక్కడుందో చెబితే ఈ రసీదు దానికే అంటించి వస్తాను.

అసలు నా కోపం బస్సు మీద కాదు. మా పెద్ద తోడల్లుడి మీద.

2016 జూన్ 23న, యూరప్‌లో ఉండాలా వద్దా అని ఓటింగ్ పెట్టిన రోజున, ఆయన వర్క్ వీసా మీద ఉన్నారు. కామన్వెల్త్ దేశం వాళ్లం కాబట్టి మనకి ఓటుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడే పన్ను కడుతున్న ఫ్రెంచివాడికి మాత్రం లేదు. ఆ ఓటు తీసుకెళ్లి బయటికి పోదామన్న వైపు వేశారు. "యూరప్ వాళ్లు ఆగిపోతే మనవాళ్లకి వీసాలు తమ్ముడూ" అన్నారు. అప్పట్లో మంత్రిగా ఉన్న ప్రీతి పటేల్ కర్రీ హౌస్‌లను, అంటే ఇక్కడి మన వంటల హోటళ్లను, కాపాడుకుందాం రమ్మంటే మనవాళ్లు చాలామంది అలాగే నమ్మారు. కొన్నాళ్లు వీసాలు దండిగానే ఇచ్చారు, ఒప్పుకుంటాను. తర్వాత? 2024 ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే ఏడాది జీతం 38,700 పౌండ్లు ఉండాలన్నారు. ఏ కర్రీ హౌస్ వంటవాడికి ఇస్తారండీ అంత? 2025 జులైలో అసలు వంటవాళ్లనే ఆ వీసా నుంచి తీసేశారు. ఎన్‌హెచ్ఎస్ అనే ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసమని వీసాతో పాటు గుంజే హెల్త్ సర్‌చార్జ్ 2015లో మనిషికి ఏడాదికి 200 పౌండ్లు, ఇప్పుడు 1,035. నలుగురున్న ఇంట్లో ఐదేళ్లకి ఎంతో వేసుకోండి. నేను వేసుకోను, నాకు బీపీ ఉంది.

ఇందాక ఫోన్ చేస్తే ఆయన ఏమన్నారో తెలుసా? "ఇండియాతో డీల్ అయింది కదా, అదంతా బ్రెగ్జిట్ పుణ్యమే." అయింది, సంతోషం. ఆ డీల్ వల్ల దీర్ఘకాలంలో జీడీపీ 0.13 శాతం పెరుగుతుందని ప్రభుత్వమే లెక్క చెప్పింది. పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో చేరినందుకు ఇంకో 0.06. మరి యూరప్ నుంచి బయటికొచ్చినందుకు? ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని ప్రభుత్వ బడ్జెట్ లెక్కలు చూసే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అంచనా. ఏనుగును అమ్ముకుని అంకుశం కొన్నట్టుంది. ఇండియా డీల్‌లో చెఫ్‌లకీ, యోగా టీచర్లకీ, సంగీత విద్వాంసులకీ అందరికీ కలిపి ఏడాదికి 1,800 మందికి అవకాశం ఉంది. వాదన ఓడిపోతున్నప్పుడల్లా రాగం తీస్తారు కాబట్టి మా అన్నగారు మూడో కోటాలో వస్తారు.

ఇది టైప్ చేస్తుండగా మా ఆవిడ కోటు వేసుకుని అద్దం ముందు నిలబడింది. చేతులు పొడుగు. రిటర్న్ పెట్టాలి. జర్మనీకి పంపాలంటే కస్టమ్స్ ఫారం ఒకటి, కట్టిన డ్యూటీ వెనక్కి రావాలంటే ఇంకో ఫారం. కొరియర్ వాడి 12 పౌండ్లు ఎలాగూ గోవిందా.

రెండు ఫారాలూ ప్రింట్ తీశాను. సాయంత్రం అన్నగారింట్లో భోజనానికి వెళ్తున్నాం. ఆయన పెన్నుతోనే నింపిస్తాను.