ముప్పై దాటాక ఇంటర్న్‌గా చేరితే పరువు పోతుందా?

పదేళ్లుగా ఒకటో తారీఖున జీతం అందుకుంటున్న మనిషి ముప్పై రెండో ఏట ఆ ఉద్యోగం మానేసి, వేరే రంగంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి వెళ్తానంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. "ఉద్యోగం ఎవరికి నచ్చుతుంది, అందరూ చేయడం లేదూ?" అంటాడు తండ్రి. "పిల్లనిచ్చేవాళ్లు అడిగితే ఏం చెప్పాలి?" అంటుంది తల్లి. "ఇంకో రెండేళ్లు ఓపిక పట్టరా, అలవాటైపోతుంది" అని బాబాయి ఫోన్ చేస్తాడు. అలవాటైపోతుందేమోనన్నదే తన భయమని వాడు చెప్పుకోబోతే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

నేను ఆ మనిషి పక్షం. కళ్లు మూసుకుని దూకమని ఎవరికీ చెప్పను. కానీ ఒళ్లు, మనసు రెండూ మొరాయిస్తున్న ఉద్యోగాన్ని కేవలం స్థిరమైనదన్న ఒక్క కారణంతో ముప్పై ఏళ్లు మోయమనడం న్యాయం కాదు. కొత్త పని నేర్చుకోవడానికి మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టడాన్ని దిగజారడంగా చూడటం అంతకంటే పెద్ద తప్పు.

నిజానికి నేర్చుకునే దశ మీద మనకు చిన్నచూపేమీ లేదు. ఎంబీబీఎస్ పూర్తిచేసి ఏడాది హౌస్ సర్జన్‌గా ఉన్న కుర్రాణ్ణి ఊళ్లో అప్పుడే డాక్టరుగారని పిలుస్తారు. ఆ ఏడాదికి పేరే ఇంటర్న్‌షిప్. సీఏ చదివేవాళ్లు ఆర్టికల్‌షిప్ పేరుతో ఆడిటర్ దగ్గర నామమాత్రపు డబ్బుకు పనిచేస్తారు. సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేరినవాళ్ల సంగతి మరీ కష్టం. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫారసు చేయాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా వాళ్ల చేతిలో ఎంత పడేదో ఊహించుకోవచ్చు. అయినా నల్లకోటు వేసుకున్న కొడుకును చూసి ఏ తండ్రీ తలదించుకోలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా ఉద్యోగాలు భర్తీ చేసింది. ఇంజినీరింగ్, పీజీ చదివినవాళ్లు నెలకు 15 వేలకు రెండేళ్ల ప్రొబేషన్‌లో చేరారు. రెండేళ్లు దాటిపోయాయి, 2022 మధ్యకు గానీ ప్రొబేషన్ ఖరారు కాలేదు. తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శులు కూడా 2019లోనే, అదే 15 వేలకు, మూడేళ్ల ప్రొబేషన్‌తో చేరారు. ఆ మూడేళ్లు నాలుగయ్యాయి. 2023లో తమను రెగ్యులరైజ్ చేయమని సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో ఏ ఇంట్లోనైనా "15 వేలకు ఇంకా నేర్చుకుంటూ ఉండటమేంటి?" అన్నారా? అనలేదు. ఉద్యోగం వచ్చినరోజు స్వీట్లు పంచారు. పంచాల్సిందే, వాళ్లు కష్టపడి పరీక్ష రాసి సంపాదించుకున్నారు.

అదే 15 వేలకు, ఆ రెండేళ్లలో నాలుగో వంతు కాలానికి, తనంతట తాను ఎంచుకున్న పని నేర్చుకోవడానికి ఇంకొకడు వెళ్తే మాత్రం వాడికి పిచ్చి పట్టిందంటున్నాం. డబ్బు తేడా లేదు, కాలం ఇంకా తక్కువ. సర్కారు పెట్టిన నిరీక్షణకు గౌరవం ఇస్తున్నాం, మనిషి తనకు తాను పెట్టుకున్న నిరీక్షణకు ఇవ్వడం లేదు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే మిగతా చర్చ సగం తేలిపోతుంది.

ఎదుటి వాదనలో పసలేదనను. ఇంటి లోన్ ఈఎంఐ ఆగదు, పిల్లల స్కూలు ఫీజు ఆగదు. ఇంటర్న్‌షిప్ తర్వాత ఉద్యోగం ఇస్తారన్న గ్యారంటీ లేదు. ముప్పై మూడేళ్ల మనిషి ఇరవై రెండేళ్ల పిల్లలతో పోటీపడాలి, తనకంటే చిన్నవాళ్ల చేత తప్పులు దిద్దించుకోవాలి. పైగా కొత్తగా చేరేవాళ్లు చేసే పనుల మీదే కృత్రిమ మేధ ముందుగా చేయివేస్తోంది. ఇవన్నీ నిజాలే. అయితే వీటిని బట్టి ఎలా వెళ్లాలో, ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోవాలి. అసలు వెళ్లకూడదన్న తీర్పు వీటిలోంచి రాదు.

ఎందుకంటే మనం కాపాడుకోమంటున్న ఆ స్థిరత్వం ఎంతవరకు స్థిరం? 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తానని ప్రకటించింది. అందులో ఎక్కువ దెబ్బ మధ్య, పై స్థాయుల వాళ్లకేనని చెప్పింది. సర్కారు కొలువు దొరక్కపోతే ఆ తర్వాత అంతటిదని తెలుగు తల్లిదండ్రులు రెండు దశాబ్దాలకు పైగా నమ్మిన కంపెనీ అది. ఇష్టంలేని పనిని భద్రత కోసమే పదిహేనేళ్లు చేసి, చివరికి ఆ భద్రత కూడా పోగొట్టుకున్నవాడు రెంటికీ చెడ్డ రేవడి. నలభై అయిదేళ్లకు బలవంతంగా కొత్తదారి వెతుక్కోవడం కన్నా, ముప్పై రెండుకు తన చేతిలో కాస్త డబ్బు, ఒంట్లో కాస్త శక్తి ఉన్నప్పుడు వెతుక్కోవడం మేలు.

నచ్చని ఉద్యోగం ఖరీదు ఉద్యోగి ఒక్కడే కట్టడు. బ్యాంకు సంగతే చూడండి. 2024 మార్చిలో కుదిరిన వేతన ఒప్పందం ప్రకారం ప్రభుత్వ రంగ బ్యాంకులో కొత్తగా చేరే ఆఫీసరు మూలవేతనం 48,480 రూపాయలు. మంచి జీతమే. ఆ జీతం వెనక రెండు మూడేళ్లకోసారి బదిలీ, డిపాజిట్ వేయడానికి వచ్చిన పెద్దాయనకు బీమా పాలసీ అంటగట్టాల్సిన టార్గెట్లు, రాత్రి తొమ్మిదింటి దాకా బ్రాంచి ఉంటాయి. ఇందులో ఆనందంగా పనిచేసేవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. ఆ పని పడనివాడు కౌంటర్ అవతల కూర్చుని విసుక్కుంటే, ఆ విసుగు పింఛను కోసం వచ్చిన ముసలావిడ మీద పడుతుంది. బడిలో ఇష్టంలేని మాస్టారు, ఆఫీసులో ఇష్టంలేని గుమస్తా కూడా అంతే. వాళ్లను ఆ కుర్చీలకు కట్టేసి ఉంచడం వల్ల ఎవరికి లాభం?

ఇక షరతులు. మొదటిది, ఇంటర్న్‌షిప్ ఇస్తామంటూ మీ దగ్గరే డబ్బు తీసుకునేవాళ్లకు దూరంగా ఉండండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, తిరిగిచ్చే డిపాజిట్, పేరేదైనా సరే, వాళ్ల వ్యాపారం మీ ఆశతోనే. అమీర్‌పేట చుట్టుపక్కల ఏళ్లుగా నడుస్తున్న దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ల దందాకు ఇది చుట్టమే. రెండోది, స్టైపెండ్ లేని పూర్తికాలపు ఇంటర్న్‌షిప్‌ను ముప్పై దాటినవాళ్లు ఒప్పుకోకూడదు. మీరు పదేళ్ల క్రమశిక్షణ, మనుషులతో మాట్లాడే తీరు, గడువులోగా పని ముగించే అలవాటు వెంట తెస్తున్నారు, వాటికి విలువ ఉంది. ఇంటర్న్ అనే మనిషికి మన కార్మిక చట్టాల్లో స్పష్టమైన నిర్వచనం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లకైనా కనీస స్టైపెండ్ రక్షణ ఉంది, మామూలు ఇంటర్న్‌కు అదీ లేదు. కాబట్టి ఎవరి దగ్గర నేర్చుకుంటారు, ఏ పని చేస్తారు, ఎంత ఇస్తారు, ఎన్ని నెలల తర్వాత ఉద్యోగం సంగతి తేలుస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. రాయడానికి తటపటాయించేవాళ్లు మిమ్మల్ని చవకగా దొరికిన చేతులుగానే చూస్తున్నారు.

రాజీనామా ఇచ్చేముందు పాత ఉద్యోగపు కాగితాలు ఒకసారి తీసి చదవాలి. ఐటీలో చాలాచోట్ల నోటీసు పీరియడ్ 90 రోజులు, ఇంటర్న్‌షిప్ ఇచ్చేవాళ్లు అన్నాళ్లు ఆగుతారో లేదో ముందే అడగాలి. రిలీవింగ్ లెటర్ లేకుండా బయటికి రావద్దు, కొత్త రంగంలో కూడా పాత కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటారు. బాండు రాసిచ్చి ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అయిదేళ్ల సర్వీసుకు కొద్ది నెలలే తక్కువైతే గ్రాట్యుటీ కోసం ఆగడం మంచిది. పీఎఫ్ మీద మాత్రం లెక్కలు వేసుకోవద్దు. ఉద్యోగం మానేశాక మొత్తం ఖాతా ఖాళీ చేయాలంటే 12 నెలలు ఆగాలని ఈపీఎఫ్‌వో ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. 75 శాతం దాకా ముందే తీసుకోవచ్చు గానీ, అది తీసేస్తే తప్ప ఇల్లు గడవదంటే మీరింకా బయల్దేరే సమయం రాలేదని అర్థం. ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని కదలండి. ఏడాదంటే ఎక్కువనిపించవచ్చు, కానీ డబ్బు కోసం మూడో నెలలోనే దొరికిన ఉద్యోగానికి పరుగెత్తితే ఇంతా చేసి పాత చోటికే చేరతారు.

నన్ను అసలు కలవరపెట్టే సంగతి ఇంకొకటి. ముప్పై ఏళ్లకు ఇంతమంది ఉద్యోగం మారాలని ఎందుకు కొట్టుకుంటున్నారు? ఎందుకంటే మొదటి ఉద్యోగాన్ని వాళ్లు ఎంచుకోలేదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో, పదిహేనేళ్ల వయసులో, ఎంపీసీయా బైపీసీయా అన్న ప్రశ్నకు ఇంట్లోవాళ్లు, కార్పొరేట్ కాలేజీ పీఆర్వో కలిసి జవాబు రాసేశారు. హెచ్‌ఈసీ అంటే మార్కులు రానివాళ్లదని నమ్మాం. చరిత్ర, భాష, బొమ్మలు, సంగీతం ఇష్టమన్న పిల్లాడికి రెండేళ్ల హాస్టలు, రోజుకు పద్నాలుగు గంటల చదువు, ఎంసెట్ ర్యాంకు ఇచ్చాం. ఆ తర్వాతి దారి కూడా ముందే వేసి ఉంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేదింటి పిల్లలకు అది చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే. దాంతోపాటే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటి, ఆ ఒక్క చదువే చదువన్నట్టు తయారైంది. ఇంజినీరింగ్ అయ్యాక క్యాంపస్‌లో ఎవరు తీసుకుంటే అందులోకి, ఎవరూ తీసుకోకపోతే అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్‌కి. బ్యాంకు వస్తే బ్యాంకు, గ్రూప్స్ వస్తే గ్రూప్స్, ఏది ముందొస్తే అది. ఆ పిల్లాణ్ణి నీకేం కావాలని ఎవరైనా కూర్చోబెట్టి అడిగిన రోజు ఈ పదిహేనేళ్లలో ఒక్కటైనా ఉందా?

అందుకే ముప్పై రెండేళ్లకు వాడు వేసే అడుగును కెరీర్ మార్పు అనడానికి నాకు మనసొప్పదు. అది వాడి జీవితంలో మొదటి ఎంపిక. పదిహేనేళ్లకు చేయాల్సింది ఇప్పుడు చేస్తున్నాడు. ఆలస్యానికి కారణం మనమైనప్పుడు, ఇంత వయసొచ్చాక ఇదేంటని వాణ్ణే అడగడం అన్యాయం. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా కఠినం. వాళ్లకు ఎంపిక చేసుకునే అవకాశం పెళ్లికి ముందూ ఉండదు, తర్వాతా ఉండదు. ఉద్యోగానికి విరామమిచ్చిన మహిళల కోసం టాటా గ్రూపు 2008లోనే సెకండ్ కెరీర్ ఇంటర్న్‌షిప్ కార్యక్రమం మొదలుపెట్టింది. అలాంటివి ఇంకొన్ని వచ్చినా, విరామం తీసుకోకుండా రంగం మార్చాలనుకునేవాళ్ల కోసం తలుపు తీసినవాళ్లు చాలా తక్కువ.

ఇతర దేశాలు ఈ పనిని వ్యక్తి ధైర్యానికి వదిలేయలేదు. సింగపూర్‌లో కెరీర్ మార్చుకునేవాళ్లను కంపెనీ ముందే ఉద్యోగంలోకి తీసుకుని శిక్షణ ఇస్తే, ఆ కాలానికి జీతంలో 70 శాతం వరకు ప్రభుత్వం భరిస్తుంది. నలభై దాటినవాళ్లకు 90 శాతం దాకా. స్వీడన్ 2022లో తెచ్చిన పథకం కింద, ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు మళ్లీ చదువుకోవడానికి 44 వారాల వరకు, ఒక పరిమితికి లోబడి, పాత జీతంలో 80 శాతం దాకా ఇస్తోంది. మన దేశంలోనూ ఈ ఆలోచన బొత్తిగా లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అనుమతితో ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే రెండేళ్లపాటు పాత పోస్టు మీద హక్కు నిలుస్తుంది. దాన్ని లియన్ అంటారు. కొత్త చోట పడకపోతే తిరిగి రావచ్చు. తన ఉద్యోగికి తిరుగుదారి అవసరమని సర్కారుకు తెలుసు. ప్రైవేటు ఉద్యోగికి మాత్రం ఆ అవసరం లేదనుకుంటోంది.

మరి మన ప్రభుత్వం ఇంటర్న్‌షిప్ మీద పెట్టిన అతిపెద్ద పథకాన్ని చూద్దాం. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం లక్ష్యం అయిదేళ్లలో కోటి మంది. నెలకు 5 వేలు, పన్నెండు నెలలు, వయసు 21 నుంచి 24 అన్నారు. మొదటి విడతలో కంపెనీలు 1.27 లక్షల అవకాశాలు చూపించి, 82 వేలకు పైగా ఆఫర్లు ఇస్తే, ఒప్పుకున్నవాళ్లు 28 వేల పైచిలుకు, చివరికి చేరినవాళ్లు దాదాపు 8,700 మంది. ఊరు దూరం, ఏడాది మరీ ఎక్కువ, 5 వేలకు గది అద్దె కూడా రాదు. ఇరవై రెండేళ్ల పిల్లలు రాకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఆ ఖాళీల్లో ఒక భాగాన్ని నలభై ఏళ్ల వయసువాళ్ల దాకా తెరవండి. పన్నెండు నెలలను ఆరుకు తగ్గించి, స్టైపెండును కనీస వేతనానికి ముడిపెట్టండి. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పెట్టిన తెలంగాణ, నైపుణ్యాభివృద్ధి సంస్థను ఏళ్లుగా నడుపుతున్న ఆంధ్రప్రదేశ్, కేంద్రం కోసం ఆగాల్సిన పని కూడా లేదు. రంగం మారాలనుకునే ముప్పై దాటినవాళ్ల కోసం సాయంత్రపు తరగతులతో ఒక్క బ్యాచ్ మొదలుపెట్టి, చివర్లో స్థానిక కంపెనీల్లో జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్ చూపిస్తే చాలు. దరఖాస్తులకు కొదవ ఉండదు. ఆ దరఖాస్తు నింపాలనుకునేవాళ్లు ఈ పూట కూడా హైటెక్ సిటీలో, బ్యాంకు కౌంటర్లలో, మండల ఆఫీసుల్లో కూర్చుని పనిచేస్తున్నారు.