పొక్కు మళ్లీ వస్తే మనుషుల్ని అనుమానించకండి

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. మొదట మా పిన్ని, తర్వాత ఆఫీసు గ్రూపు, నిన్న రాత్రి బాగా చదువుకున్న స్నేహితుడొకడు పంపారు. అందులో ఉన్నది ఇది: పెదవి మీద నీటి పొక్కులు మొదటిసారి లేచినప్పుడే సున్నం రాసి, వారం రోజులు వేపాకు రసం తాగితే ఆ పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ వేళ్లతో సహా పోతుందట. ఆ తర్వాత మళ్లీ వస్తే ఇంకెవరి దగ్గరో అంటించుకున్నట్టేనట, "భార్యాభర్తలు గమనించుకోవాలి" అట. చెక్కు కట్టాక ఇక అంటదట.

వేపరసంతో వైరస్ పోదు. సున్నం పెదవిని కాలుస్తుంది. అంతే.

ఒళ్లు మండింది రెండో మాట దగ్గర. మా అక్కకు దాదాపు ప్రతి మే నెలలో, ఎండలో పెళ్లిళ్లకు తిరిగొచ్చాక, కింది పెదవి కుడి మూలన పొక్కులు లేస్తాయి. ముందురోజే అక్కడ చురచురమంటుంది, "రేపటికి లేస్తుంది చూడు" అంటుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఎవరి దగ్గరో కొత్తగా అంటుకునేదైతే ఏటా అదే మూలన ఎందుకొస్తుంది? మొదటిసారి సోకిన వైరస్ నరం వెంట పోయి, పుర్రె లోపల ముఖానికి స్పర్శనిచ్చే నరం ముడిలో జీవితాంతం దాక్కుంటుంది. జ్వరమో, ఎండో, నెలసరో, నిద్రలేని టెన్షనో తగిలితే అదే దారిన కిందికి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు 380 కోట్ల మందిలో ఈ రకం వైరస్ ఉంది, చాలామందికి చిన్నతనంలో ఇంట్లోవాళ్ల ముద్దుతోనే వచ్చింది. వాళ్లందరినీ అనుమానిస్తారా? ఈ మెసేజ్ మా ఇంటి గ్రూపులో పడ్డాక బావ ఒక్క మాట అనలేదు, అయినా అక్క రెండు రోజులు నోటికి చున్నీ అడ్డం పెట్టుకునే తిరిగింది. రాసినవాడికి ఆ సంగతి తెలియాలి.

చెక్కు కట్టినా పూర్తిగా మానేదాకా అంటుతుంది, ఒక్కోసారి పొక్కు లేకపోయినా అంటుతుంది. పుట్టిన నెలలోపు పసిగుడ్డుకు సోకితే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి పొక్కుతో బాలింతను చూడ్డానికి వెళ్లి బిడ్డను ముద్దాడకండి.

"ఇంగ్లిష్ వైద్యంలో దీనికి శాశ్వతమైన మందు లేదు" అని కూడా రాశాడు. అది నిజమే, ఒప్పుకుంటున్నాను. దీనికి వాడే ఎసైక్లోవిర్ మందు వైరస్‌ను తుడిచిపెట్టదు, చురచుర మొదలైనప్పుడే వాడితే త్వరగా తగ్గుతుంది, అంతవరకే. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మాత్రం అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

స్నేహితుడికి ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. "నేను పూర్తిగా చదవలేదురా" అన్నాడు.