వరండాలో ఉగాది

దారెస్సలామ్ తెలుగు సంఘం పత్రిక ఎడిటర్ గారు అడిగింది సరదా వ్యాసం. "టాంజానియాలో మీ మొదటి వారం గురించి రాయండి, మావాళ్లు నవ్వుకుంటారు" అన్నారు. నవ్వుకోడానికి సరుకు బాగానే ఉంది.

దారెస్సలామ్‌లో దిగిన రెండో రోజే టైము దగ్గర బోల్తా పడ్డాను. నా మిత్రుడి ఇంట్లో వంటా పనీ చూసుకునే ఆవిడ మర్నాడు నన్ను కరియాకో మార్కెట్‌కి తీసుకెళ్తానంది. "సా మ్బిలి" అంది. సా అంటే గంట, మ్బిలి అంటే రెండు. మధ్యాహ్నం కదా అని నేను పొద్దున లుంగీలో నింపాదిగా కాఫీ తాగుతుంటే, ఎనిమిదింటికల్లా సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇక్కడ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కట. మన ఏడు వాళ్లకి ఒకటి, మన ఎనిమిది వాళ్లకి రెండు. మీకు ఇవన్నీ అలవాటైపోయి ఉంటాయి. నాకు మాత్రం మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన కూడా సూర్యోదయం నుంచే ఘడియలు లెక్కపెట్టేవారు.

ఇక మాటలు. దాదా అంటే అక్క, మామా అంటే అమ్మ. రెండో క్లాసు చదివే మావాడి కొడుకు "మామా!" అని కేకేస్తే మేనమామ ఎప్పుడొచ్చాడా అని చుట్టూ చూశాను. ఆటో పేరు బజాజీ. మార్కెట్లో పచ్చిమామిడి ముక్కల మీద ఉప్పూ కారం జల్లి అమ్ముతుంటే, తెనాలి బస్టాండుకీ దీనికీ తేడా ఏముందనిపించింది.

ఆ ఇంట్లో నాకు బాగా నచ్చింది మాత్రం ఒక పలకరింపు. పిల్లవాడు పొద్దున లేవగానే వంటింట్లోకి వెళ్లి "షికమో మామా" అంటాడు. వంటావిడ ఉల్లిపాయలు తరుగుతూనే, తల ఎత్తకుండా, "మరహబా" అంటుంది. చిన్నవాళ్లు పెద్దవాళ్లకి చెప్పే మాట అది. 'మీ పాదాలు పట్టుకుంటున్నాను' అన్నదాని నుంచి వచ్చిందంటారు. మనవాడు రోజూ మాటతో పాదాభివందనం చేస్తున్నాడన్నమాట, ఎవరూ పురమాయించకుండానే.

ఉగాది ముందురోజు మసీకా వానలో, అంటే ఇక్కడి వానాకాలపు వానలో, తడుస్తూ ఆవిడే వేపకొమ్మ విరుచుకొచ్చింది. పువ్వు లేదు, లేత చిగుళ్లే. వేపని వీళ్లు ముఅరొబైని అంటారు. అరొబైని అంటే నలభై. నలభై రోగాలకి మందట. మర్నాటి సంఘం విందుకి మా చెల్లెమ్మ, అంటే మావాడి భార్య, వంతు బొబ్బట్లు. చెల్లెమ్మ పూర్ణం ఉండలు చేస్తే, వాటిని వత్తిందీ కాల్చిందీ ఆవిడ. చపాతీలు చేసిన చెయ్యి కదా, అంచు ఎక్కడా చిట్లలేదు. రాత్రి పదకొండు దాటింది. నేను రెండు తిందామని చెయ్యి పెడితే చెల్లెమ్మ ఊరుకోలేదు, నైవేద్యం కావాలంది.

మర్నాడు హాల్లో పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, సన్మానాలు అన్నీ బాగా జరిగాయి. భోజనాల దగ్గర చూస్తే ఇళ్లలో పనిచేసేవాళ్లు, డ్రైవర్లు ఓ పదిమంది బయట వరండాలో, చెప్పుల పక్కన నిలబడి ఉన్నారు. వాన జల్లు పడుతోంది. మావాడి కొడుకు పులిహోర, బొబ్బట్టు పెట్టించుకుని ఆ పేపర్ ప్లేటు రెండు చేతులా పట్టుకుని వరండా వైపు బయల్దేరాడు. వడ్డన చూస్తున్న ఒకావిడ ఆపి, ప్రేమగానే, "నువ్వు తినమ్మా, వాళ్లకి తర్వాత ప్యాక్ చేసిస్తాం" అంది. వాడు అక్కడే నిలబడిపోయాడు. పులిహోర బరువుకి ప్లేటు మధ్యలో వంగిపోతోంది. నేను మూడడుగుల దూరంలోనే ఉన్నాను. ఏమీ అనలేదు. లైన్లో ముందుకి జరిగాను.

ప్యాకెట్లు ఇచ్చిన మాట నిజం. అన్నం, సాంబారు, అప్పడం. బొబ్బట్లు అప్పటికే అయిపోయాయి.

కమిటీ వాళ్ల వాదనా విన్నాను. హాలుకి ఇంతమందే, వడ్డనకి తలకింత, సభ్యత్వ రుసుము కట్టినవాళ్లు ముందు. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి లెక్కలు చూసేది నేనే కాబట్టి ఆ టెన్షన్ నాకు తెలుసు. మన ఊళ్లు మాత్రం ఏం గొప్ప? మా నాయనమ్మ పొలం పనికొచ్చినవాళ్లకి దొడ్డివైపే అన్నం పెట్టేది, మజ్జిగ పైనుంచి పోసేది. దాన్ని నేను సమర్థించను. కానీ ఆవిడ పండగనాడు వాళ్లు తిని చెయ్యి కడిగేదాకా తను విస్తరి వేసుకునేది కాదు. గారెలు తగ్గితే ఇంట్లోవాళ్లకే తగ్గేవి. వరసలు పెట్టి పిలిచేది. ఇలా చెప్తుంటే మావాడు నవ్వి, "అంటే దొడ్డివైపు పెట్టడం మంచిదేనంటావా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఇక్కడ అందరూ "ఇంట్లో మనిషిలా చూసుకుంటాం" అంటారు. టాంజానియా తొలి అధ్యక్షుడు న్యెరేరే 1967లో అరూషా ప్రకటనతో దేశం ముందు పెట్టిన మాట 'ఉజమా'కి కూడా దాదాపు అదే అర్థం, అంతా ఒక కుటుంబం అని. ఆ విధానం ఆర్థికంగా ఏమైందన్నది వేరే కథ. ఇంట్లో మనిషే అయితే ఇంటి తలల లెక్కలో ఆవిడ ప్లేటు ఎందుకు లేదు?

అతిథిగా వచ్చి, పీకలదాకా తిని, నీతులు చెప్తున్నాడని మీరనుకోవచ్చు. అనుకోండి. వచ్చే ఉగాదికి మాత్రం ఆ పది ప్లేట్లు మొదటే లెక్కలో రాయండి, కుర్చీలతో సహా. డబ్బు చాలకపోతే సన్మానాల్లో రెండు శాలువాలు తగ్గించండి. నాకు కప్పినది కూడా అక్కర్లేదు.

తిరిగి వెళ్లేటప్పుడు కారులో ఆవిడ నా పక్కనే కూర్చుంది, ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని. నాకొచ్చిన నాలుగు మాటల్లోంచి ఒకటి ఏరుకుని "పోలే, మామా" అన్నాను. అయ్యో పాపం అన్నమాట. దేనికన్నానో ఆవిడకి అర్థమైనట్టు లేదు, "అసాంతే" అంది, థాంక్స్ అని. కాసేపాగి చెల్లెమ్మని ఏదో అడిగింది. ఏమంటోందన్నాను.

"బొబ్బట్లు ఎలా కుదిరాయో మిమ్మల్ని అడగమంటోంది, అన్నయ్యా."