ఛాంపియన్ అయితే సీటు వచ్చేస్తుందా?
కార్ రేసింగ్‌లో ఫార్ములా 1కి కింది మెట్టయిన ఫార్ములా 2 గెలిస్తే ఫార్ములా 1 తలుపు దానంతటదే తెరుచుకుంటుందని ఎవరో రాశారు కానీ, నాకైతే అలా అనిపించడం లేదు. 2022 ఛాంపియన్ ద్రుగోవిచ్ ఫార్ములా 1 జట్టు ఆస్టన్ మార్టిన్‌లో రిజర్వ్ (అవసరమైతేనే దిగే) డ్రైవర్‌గా ఏళ్ల తరబడి గ్యారేజీలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడ్డాడే తప్ప ఒక్క రేసు కూడా దక్కలేదు, 2023లో గెలిచిన పుర్‌షేర్‌దీ అదే కథ. పైగా టైటిల్ గెలిచినవాడు మళ్లీ ఫార్ములా 2లో ఆడకూడదని రూలు, అంటే గెలవడమే శిక్ష అన్నట్టు! తర్వాత ఫార్ములా 1లో రేసులు గెలిచిన పియాస్ట్రీ అంతటివాడే 2021లో ఫార్ములా 2 గెలిచి మరుసటి ఏడాదంతా రేసుల్లేకుండా కూర్చున్నాడు. ఫార్ములా 1లో నడపడానికి ఉండాల్సిన సూపర్ లైసెన్స్‌కి కావాల్సిన 40 పాయింట్లు తెచ్చుకోవడం ఒక ఎత్తు, సీటు ఖాళీ అవ్వడం ఇంకో ఎత్తు. 2026లో క్యాడిలాక్ కొత్త జట్టుగా వచ్చి రెండు సీట్లు పెరిగాయని సంబరపడ్డాం, తీరా చూస్తే పాత ఫార్ములా 1 డ్రైవర్లు బోటాస్, పెరెజ్ వచ్చి కూర్చున్నారు. ఇక డబ్బు సంగతి. మా అక్క కొడుకు రెండేళ్లు కార్టింగ్ (చిన్న కార్ట్‌ల రేసింగ్) చేశాడు, బాగానే తోలేవాడు, కానీ టైర్లకీ ఇంజిన్ అద్దెకీ అయ్యే ఖర్చు చూసి బావగారికి టెన్షన్ పట్టుకుని మాన్పించేశారు. ఫార్ములా 1 డ్రైవర్ ఒకాన్ తల్లిదండ్రులు కొడుకు రేసింగ్ కోసం ఇల్లు అమ్ముకుని కారవాన్‌లో బతికారంటే, మరి ఊరికేనా?