రేసింగ్ కేసులో జరిమానా చిన్న సంగతి

తిరుపతిలో రాత్రి రద్దీ తగ్గాక శ్రీనివాస సేతు వంతెన మీదనో, చంద్రగిరి రోడ్డులోనో బైకులతో పందెం కట్టిన కుర్రవాడు పోలీసులకు చిక్కాడనుకుందాం. స్టేషనుకు పరుగున వచ్చిన తండ్రి ముందుగా అడిగేది జరిమానా ఎంత అని. అయిదు వేలు అనగానే ఆయన గుండె కుదుటపడుతుంది. డబ్బు కట్టి, బండి విడిపించుకుని, కొడుకుకు నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి తీసుకుపోతాడు. కేసు ముగిసిందనే అనుకుంటాడు. రేసింగ్ కేసుల్లో కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఆ తొందర వల్లనేనని నా అభిప్రాయం.

మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వాహనాల మధ్య పందెంలో గాని, వేగ పరీక్షలో గాని పాల్గొనడం నేరం. దాన్ని జరగనివ్వడమూ నేరమే. 2019 సవరణకు ముందు దీనికి గరిష్ఠ శిక్ష నెల రోజుల జైలు, 500 రూపాయల జరిమానా. ఇప్పుడు మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే ఏడాది వరకు జైలు, 10,000 వరకు జరిమానా. ఇంతవరకు చాలామందికి తెలుసు. అదే చట్టంలోని 20వ సెక్షన్ మాత్రం తక్కువ మంది చదువుతారు. 189 కింద దోషిగా తేలిన వ్యక్తిని డ్రైవింగ్ లైసెన్సుకు అనర్హుడిగా కోర్టు ప్రకటించి తీరాలి. వద్దనుకుంటే అందుకు ప్రత్యేక కారణాలను తీర్పులో రాయాలి. ఆ అనర్హత రెండేళ్ళ దాకా ఉండవచ్చు. మార్కెటింగ్ ఉద్యోగికో, కారు అద్దెకు తిప్పుకుని బతికే యువకుడికో అయిదు వేల కంటే ఆ రెండేళ్ళే బరువు.

కోర్టు దాకా పోకుండా రాజీ రుసుము కట్టేస్తే సరిపోదా? చట్టంలోని 200వ సెక్షన్ రేసింగ్‌కు ఆ వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. కానీ 2019లో పార్లమెంటు దానికి రెండు మెలికలు పెట్టింది. రుసుము కట్టి తేల్చుకున్నా, మళ్ళీ పట్టుబడితే దాన్ని అంతకుముందు చేసిన నేరంగానే లెక్కిస్తారు. పైగా డబ్బు కట్టినంత మాత్రాన 206వ సెక్షన్ కింద లైసెన్సు స్వాధీనం చేసుకుని, సస్పెన్షన్ కోసం రవాణా అధికారులకు పంపే చర్య ఆగదు. అంటే ఆ రసీదు తర్వాతి కేసులో అతనికి వ్యతిరేకంగా నిలుస్తుంది.

ఇక పోలీసులు ఒక్క 189తో సరిపెట్టుకోవడం అరుదు. ప్రమాదకర డ్రైవింగ్‌కు 184 ఉంది. దానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. పక్కన నిలబడి ఉసిగొల్పిన స్నేహితులకు 188 కింద అదే శిక్ష పడవచ్చు. సైలెన్సర్ మార్చిన బండి యజమానిపై 182ఎ వర్తిస్తుంది. దాని కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. వీటన్నిటిపైన, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 281, అంటే నిర్లక్ష్యంగా వాహనం నడపడం. దానికి శిక్ష ఆరు నెలల లోపే, కానీ చలానా కట్టి తేల్చుకునే వీలు లేదు, మెజిస్ట్రేట్ ముందుకు వెళ్ళాల్సిందే. మోటారు వాహనాల చట్టం ఉండగా శిక్షాస్మృతి ఎందుకన్న వాదన ఇప్పుడు నిలవదు. రెండూ వేటికవే వర్తిస్తాయని 2019లోనే సుప్రీంకోర్టు అరుణాచల్ ప్రదేశ్ కేసులో తేల్చింది.

అయితే ఇన్ని సెక్షన్లు రాయడం తేలిక, నిరూపించడం వేరు. రేసింగ్ అనాలంటే వాహనాల మధ్య పోటీ ఉండాలి. ఒక్కడే ముందు చక్రం గాల్లోకి లేపి నడిపితే అది ప్రమాదకర డ్రైవింగ్ అవుతుంది, పందెం కాదు. పది బైకులు ఒకే దారిలో వేగంగా పోయినంత మాత్రాన అందరూ పందెంలో ఉన్నట్టు కాదు. ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ముగించాలనుకున్నారు, ఎవరు ఎవరితో పోటీపడ్డారు అన్నది చూపించే సాక్ష్యం లేకపోతే 189 నిలబడడం కష్టం. ‘‘బండ్లు అతివేగంగా వచ్చాయి’’ అని ఒక కానిస్టేబుల్ చెప్పిన మాట చాలదు. వేగాన్ని కొలిచే పరికరం ఆధారం లేకుండా, ఒకే సాక్షి అంచనాను బట్టి అతివేగానికి శిక్ష వేయకూడదని 183వ సెక్షనే చెబుతోంది. ఎక్కువ వేగం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదని 1998లో కర్ణాటక ప్రభుత్వం, సతీష్ మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోడ్డు, ఆ రద్దీ, ఆ వేళ అన్నీ లెక్కలోకి వస్తాయి.

మన ఊరివారికి ఇది కొత్త సంగతేమీ కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో బయలుదేరిన సమయం, చేరిన సమయం చూసి ఎవరు తొందరపడ్డారో తేల్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఎవరి కంటిచూపు మీదా ఆధారపడని లెక్క అది. నగరంలోని కెమెరాలతోనూ అలాంటి లెక్క కట్టవచ్చు. అందుకు బదులు సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించి ఫోటోలు దిగితే పత్రికకు వార్త దొరుకుతుంది గాని, కోర్టుకు సాక్ష్యం దొరకదు.

209వ సెక్షన్ గురించి న్యాయవాదులు కూడా తరచూ మరిచిపోతారు. 183, 184 కింద శిక్ష వేయాలంటే, నేరం జరిగినప్పుడే ప్రాసిక్యూషన్ ఉంటుందని హెచ్చరించి ఉండాలి, లేదా 14 రోజుల్లో నోటీసు పంపి ఉండాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అంది ఉండాలి. నిందితుడి పేరు, చిరునామా గాని, బండి యజమానివి గాని దొరకకపోతే, లేదా ఆలస్యానికి అతనే కారణమైతే మినహాయింపు ఉంది. 189కి మాత్రం ఈ రక్షణ వర్తించదు. నెలలు గడిచాక కెమెరా దృశ్యాలు చూసి కేసు పెట్టినప్పుడు ఈ తేడా చాలా విలువైనది.

ఇప్పటి కేసుల్లో అసలు సాక్షి మొబైల్ ఫోను. కుర్రవాళ్ళు తమ నేరాన్ని తామే చిత్రించి, పాట జోడించి లోకానికి చూపిస్తున్నారు. అయినా ఆ రీల్ దానంతట అది సాక్ష్యం కాదు. భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం దానితో ఉండాలి. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా అందులో రాయాలి. వీడియోలో బండి నంబరు కనబడినా, నడిపింది ఎవరో విడిగా నిరూపించాలి. అలాగని భయంతో వీడియోలు చెరిపేయమని సలహా ఇచ్చే పెద్దమనుషుల మాట వింటే సాక్ష్యం మాయం చేశారన్న కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఎవరైనా చనిపోతే లెక్క పూర్తిగా మారుతుంది. న్యాయ సంహిత 106(1) కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి అయిదేళ్ళ వరకు జైలు. పాత చట్టంలో ఇది రెండేళ్ళే. అయినా బెయిలు దొరికే నేరమే. ప్రాణం పోతుందని తెలిసీ నడిపాడని పోలీసులు భావిస్తే 105, అంటే హత్య కిందికి రాని నరహత్య, రాస్తారు. అప్పుడు బెయిలు హక్కుగా రాదు, విచారణ సెషన్స్ కోర్టులో, శిక్ష పదేళ్ళ వరకు. ముంబై కార్టర్ రోడ్డులో 2006లో కాలిబాట మీద నిద్రిస్తున్నవారి మీదుగా కారు పోనిచ్చి ఏడుగురి ప్రాణాలు తీసిన కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇలాంటి అభియోగాన్నే సమర్థించింది. అక్కడ డ్రైవరు తాగి ఉన్నాడు. తాగకుండా పందెం కట్టినవాడికి అదే ‘‘తెలివిడి’’ని అంటగట్టగలమా అన్నదే డిఫెన్సు వాదనకు కీలకం. జనం తిరిగే వేళ, జనం తిరిగే రోడ్డులో పందెమైతే అంటగట్టవచ్చనే నేను అనుకుంటాను. అర్ధరాత్రి ఖాళీ బైపాస్ మీద అయితే అంత తేలిక కాదు. ఢీకొట్టని రెండో బండివాడి సంగతీ ఉంది. నిర్లక్ష్యానికి ఉమ్మడి ఉద్దేశం అతకదు కాబట్టి 106 కింద అతను తప్పించుకునే వీలుంది. 105 కింద మాత్రం అతన్ని వదిలేయడం దర్యాప్తు లోపమే అంటాను.

నడిపింది మైనరైతే బరువంతా ఇంటి మీద పడుతుంది. 199ఎ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. తమకు తెలియకుండా తీసుకెళ్ళాడని, లేదా తాము తగిన జాగ్రత్త పడ్డామని నిరూపించుకోవలసింది తల్లిదండ్రులే. బండి తాళం గూటిలో అందరికీ అందేలా వేలాడుతుంటే ఆ మాట నమ్మించడం కష్టం.

బీమా విషయంలో మరో చిక్కు ఉంది. వ్యవస్థీకృత పందేలకు, వేగ పరీక్షలకు వాడిన వాహనం విషయంలో బాధ్యత తప్పించుకునే వాదన 150వ సెక్షన్ బీమా కంపెనీలకు ఇచ్చింది. ఇద్దరు స్నేహితులు టీకొట్టు దగ్గర అప్పటికప్పుడు కట్టుకున్న పందెం వ్యవస్థీకృతమా కాదా అని కోర్టులో వాదించవచ్చు. అయితే క్రిమినల్ కోర్టులో ‘‘రేసింగ్ చేశాను, జరిమానా కడతాను’’ అని ఒప్పుకుంటే కంపెనీ వకీలుకు అదే ఆయుధం. గాయపడినవారికి ఇవ్వాల్సిన లక్షల పరిహారం యజమాని ఆస్తి మీదికి రావచ్చు.

యూనివర్సిటీలూ కోచింగ్ సెంటర్లూ ఉన్న ఊరు కాబట్టి చివరగా ఒక మాట. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టుకు ఆ కోర్టు అనుమతి అడుగుతారు. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైతే కేసుల వివరాలు ధ్రువీకరణ పత్రంలో రాయాలి. చిన్న కేసును దాచకుండా చెప్పిన అభ్యర్థి విషయాన్ని సానుభూతితో పరిశీలించవచ్చని, దాచిన అభ్యర్థిని తొలగించే అధికారం నియామక సంస్థకు ఉంటుందని అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది.