మహారాజశ్రీ చక్రం కింది రాయి గారి సముఖమునకు

తోతాపురి కాయల ట్రాలీతో పల్పు ఫ్యాక్టరీ ముందు వరసలో పడి ఉన్న చిత్తూరు జిల్లా రైతు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. తమరు నడిరోడ్డు మీద క్షేమంగా ఉన్న సంగతి నిన్న రాత్రి మా బావమరిది స్కూటీ ద్వారా తెలిసింది. ముందు చక్రం రిమ్ము వంకరపోయింది. వాడి మోకాలి మీద తోలు లేచింది. నాకోసం తెస్తున్న క్యారియరు మూత ఊడి, రాగిసంగటి ముద్ద దొర్లుకుంటూ పోయి ఎవరిదో లారీ కిందికి చేరింది. చెనక్కాయల ఊరిబిండి మాత్రం తమరి నెత్తినే పడింది. ఉప్పు సరిపోయిందో లేదో తమరే సెలవివ్వాలి.

తమరి వంశం గురించి నాకు తెలియక కాదు. తిరుమల కొండ మీద చక్రతీర్థం దగ్గర తమరి పెద్దలు శిలాతోరణమై నిలబడితే, చుట్టూ కంచె వేసి కాపాడుతున్నారు, జనం ఎగబడి ఫొటోలు దిగుతున్నారు. అంతటి ఇంట పుట్టి, మా మామిడికాయల ట్రాలీ టైరు కింద కొలువుకు చేరినందుకు తమరిని చూస్తే ఒకప్పుడు జాలి కూడా వేసేది.

కొలువు చిన్నదేమీ కాదులెండి. ఫ్యాక్టరీ గేటు తీయదు, వరస జరగదు. 2025 సీజన్‌లో కిలోకి ఫ్యాక్టరీ 8, సర్కారు 4, మొత్తం 12 రూపాయలని లెక్క చెప్పినారు గానీ, ఎండలో కాయ మాగిపోతా ఉంటే కాపలా కాసే మనిషికి ఎంతో ఆ లెక్కలో లేదు. బాడుగ ట్రాక్టరు డ్రైవరు ఎన్నాళ్లని కూర్చుంటాడు? అతనికి ఇంకో చోట దుక్కి ఉంది. "ట్రాలీ ఇక్కడ ఇప్పేసి పోతా అన్నా, వరస కదిల్తే ఫోన్ కొట్టు" అన్నాడు. ఆ వెంటనే నోట్లోంచి వచ్చిన మాట తమరి పేరే: "ఒక రాయి చూడన్నా."

రాయి చూడటం ఎంత పనో తమరికేం తెలుసు? అంత పొడుగు వరసలో ప్రతి ట్రాలీ కిందా తమరి జాతివాళ్లే, అందరూ డ్యూటీలో ఉన్నారు. ముందు ట్రాలీ ఆయన్ని అడిగితే "ఇది మా రాయప్పా" అన్నాడు. పట్టా చూపించలేదు గానీ, గొంతు మాత్రం అట్లే ఉంది. చివరికి కాలవ గట్టు నుంచి గుండ్రాయి ఒకటి దొర్లించుకొచ్చి టైరు వెనక పెట్టినాము. ముందు వైపుకు దొరకలేదు. "వెనకే కదా వాలు, ముందుకెందుకు పోతుంది" అన్నాడు డ్రైవరు.

ఎందుకు పోదు? పిన్ను పెరికేటప్పుడు ట్రాక్టరు కుదిపితే ముందుకూ పోతుంది. రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత, ముందుండే డ్రాబార్ అనే ఇనుప కాడి మీద కూర్చుని ఉంటుంది. ఆ బరువు, ట్రాలీని ట్రాక్టరుకు బిగించే పిన్నును పట్టుకుని వదలదు. స్టాండు దించి బరువంతా దాని మీదికి తెస్తే పిన్ను చేత్తో లాగినా వస్తుంది. మా స్టాండు మట్టిలో దిగబడింది. దాని కింద చెక్క వేయాల్సిన చోట మళ్లీ తమరే, తమ్ముడుగారి రూపంలో. ఆయన పక్కకు జారినారు. ఇంక డ్రైవరు సీటెక్కి ముందుకొక కుదుపు, వెనక్కొక కుదుపు. ట్రాక్టరుకీ ట్రాలీకీ నడుమ నిలబడి పిన్ను పెరుకుతున్నది మీసం కూడా రాని పిల్లోడు. "నడుమ నుంచి బయటికి రారా" అని నేనరిస్తే, "ఏం కాదులే మామా" అని నవ్వినాడు. పిన్ను వచ్చింది. వచ్చిన మరుక్షణం డ్రాబార్ ఎగిరింది, ఎందుకంటే ఆ కుదుపులకు కాయలన్నీ వెనక వైపుకు దొర్లి ఉన్నాయి. ఆ ఊపుకు ట్రాలీ వెనక్కి జరిగితే, టైరు తమరి గుండ్రటి వీపు మీదికి ఎక్కి ఆగింది. పిల్లోడి గడ్డానికి జానెడు దూరంలో పోయింది ఆ ఇనుము. కాయ బరువుతో కిందికి వచ్చి ఉంటే ఈ ఉత్తరం ఇంకో రకంగా ఉండేది.

మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. మంచాలు, పొయ్యి, కక్కసుతో సహా ఉండే ట్రావెల్ ట్రైలరొకటి కొన్నాడు. దాన్ని పికప్పు బండి నుంచి విప్పేది వీడియోలో చూపించినాడు. ముందు చదునైన నేల చూస్తాడు. తర్వాత రెండు పక్కలా చక్రాలకు ముందొకటి, వెనకొకటి ఆపుడు చీలలు తోస్తాడు. అవి ఏటవాలుగా ఉంటాయి, చక్రం ఎక్కేకొద్దీ దాని బరువే చీలను నేలకు నొక్కుతుంది. జాకీ పాదం కింద చెక్క పెడతాడు. ట్రైలర్‌ను బండికి తగిలించే మూతి, అదే కప్లర్, దాని గొళ్లెం తీసి, జాకీ తిప్పి, గిన్నెలాంటి ఆ మూతి బండి వెనకుండే ఇనుప బంతి మీద నుంచి పైకి లేచేదాకా ఎత్తుతాడు. అంతసేపూ బండికీ ట్రైలర్‌కీ నడుమ ఉండే గొలుసులు విప్పడు. ట్రైలర్ కదిలినా గొలుసు పట్టుకుంటుందని. బరువు చీలల మీద నిలిచిందని చూసుకున్నాకే గొలుసులు, లైట్ల ప్లగ్గు, ఊడిపోతే ట్రైలర్ బ్రేకులు తనకు తానే వేసే ఆ సన్నటి తీగ విప్పుతాడు. మూతి మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో వందకు పది నుంచి పదిహేను పాళ్లు ఉండాలని తూకం చూసి మరీ సామాను సర్దుతాడంట. "మీకు రాయి లేదారా?" అని అడిగినాను. వాడికి అర్థం కాలేదు. తమరి పరపతి అక్కడిదాకా పోలేదు, క్షమించాలి.

చీల లేదు, రాయి ఉంది. సరే. గుండ్రంగా ఉంది, అదీ సరే. స్టాండు కిందా మీరే, బ్రేకూ మీరే. భాకరాపేట ఘాట్‌లో లారీ చెడిపోతే వెలిగే త్రికోణం బదులు నాలుగు కొమ్మలు, పక్కన మీరే. ఇన్ని ఉద్యోగాలు ఒకే జీతం మీద చేస్తున్నందుకు దండం పెడతాను. నా బాధ ఇది కాదు.

వరస కదిలినాక తమరెందుకు కదలరు?

ట్రాక్టరు వచ్చి, ట్రాలీ తగిలించుకుని, హార్న్ కొట్టుకుంటా గేట్లోకి పోతుంది. తమరు అక్కడే. ఆ వెనక ట్రాలీ పోతుంది, వాళ్ల రాయీ అక్కడే. రాత్రికి ఫ్యాక్టరీ ముందర తారురోడ్డు తమరి బంధుజనంతో పెళ్లివిడిదిలా ఉంటుంది. లైట్లు లేవు. డ్యూటీ దిగి స్కూటీల మీద ఇళ్లకు పోయే ఆడపిల్లలు, పాలక్యాన్ల వాళ్లు, దామలచెరువు మామిడి మండీ నుంచి తిరిగొచ్చేవాళ్లు, అందరూ తమరి దయ మీద బతికి ఇల్లు చేరాల. నిన్న మా వాడు పడినాక ఆ రాయి పెట్టిన డ్రైవరునే పట్టుకుని అడిగినాను, తీసి పక్కన పారేస్తే చెయ్యి అరిగిపోతుందా అని. అతను చెప్పిన జవాబు వినండి: "ఉండనీలే అన్నా, రేపొచ్చేవాళ్లకి పనికొస్తాది."

చలివేంద్రం పెట్టినాడా వీడు?

దారికి అడ్డం పెట్టి జనానికి ప్రమాదం తెచ్చేవాడికి పాత ఐపీసీ 283 సెక్షన్ 200 రూపాయల దాకా జరిమానా వేసేది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 285 సెక్షన్, 5000 రూపాయల దాకా. మోటారు వాహనాల చట్టం 122 సెక్షన్‌లో బండినే కాదు, విడిగా ట్రైలర్‌ను ప్రమాదకరంగా వదిలినా తప్పేనని పేరుపెట్టి రాసినారు. రాయి అని ఎక్కడా పేరుపెట్టలేదు. ఆ ధైర్యంతోనేనా నువ్వు అట్లా తిష్ఠ వేసుకుని కూర్చునేది? నిన్నే అడిగేది! మోయడానికి ఇద్దరు కావాల, తీసేయడానికి ఒక్కడూ దొరకడా? టైరు కిందికి నిన్ను తోసినవాడికి వంగడం చేతనవుతుంది, తీసేటప్పుడు మాత్రం నడుము పట్టేస్తుంది. పిల్లోడి గడ్డం పగలకుండా ఆపిందీ నువ్వే, మా వాడి మోకాలు పగలగొట్టిందీ నువ్వే. తిట్టాలన్నా నోరు సగమే లేస్తోంది, అదే నా ఖర్మ.

కాబట్టి తమరికి ఉద్వాసన చెబుతున్నాను. ఈ పొద్దు టింబర్ డిపోలో చింతమొద్దు ఏటవాలుగా కోయించి నాలుగు చీలలు చేయించినాను. వాటికి నైలాన్ తాడు కట్టి, ఆ తాడు కొస ట్రాలీ చాసిస్‌కు ముడివేసినాను. ట్రాలీ పోతే అవీ వెంటపోతాయి. మరిచిపోయేవాడు మరిచిపోయినా తాడు మరిచిపోదు. తమరు ఇక కాలవ గట్టుకు దయచేయవచ్చు.

ఇట్లు,
వరసలోని రైతు

తా.క.: ఉత్తరం మడిచి, టీ తాగి వచ్చేసరికి తాడు కోసి నాలుగు చీలలూ ఎవరో పట్టుకుపోయినారు. ట్రాలీ జరగకుండా మాత్రం జాగ్రత్త తీసుకున్నారు పాపం. ఒక్కో టైరుకు ముందూ వెనకా, కొలత చూసినట్టు, తమరినే పెట్టిపోయినారు.